ఈస్నోఫిలియా తగ్గితే చాలా?

మన దగ్గర ఈస్నోఫిలియా ఒక రోగమన్నట్టే మాట్లాడతాం. తెల్లవారుజామున దగ్గు, పిల్లికూతలు, రక్తపరీక్షలో ఇసినోఫిల్స్ అనే తెల్లకణాలు ఎక్కువ. ఇంకేముంది, స్టెరాయిడ్ మాత్రలు నాలుగు రోజులు. రిపోర్టు బాగుపడుతుంది, అందరికీ టెన్షన్ తీరుతుంది. అసలు ఆ తెల్లకణాలు ఎవరు రమ్మంటే వచ్చాయన్న ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోతుంది.

పిలిచేది ముఖ్యంగా ఇంటర్‌ల్యూకిన్-5, అంటే రోగనిరోధక కణాల మధ్య కబురు మోసే ఒక ప్రొటీన్. అలర్జీ వల్లో ఒంట్లో చేరిన పురుగుల వల్లో ఊపిరితిత్తుల, పేగుల లోపలి పొర దెబ్బతింటే టీహెచ్2, ఐఎల్‌సీ2 అనే రోగనిరోధక కణాలు దీన్ని వదులుతాయి. ఎముక మజ్జలో ఇసినోఫిల్స్ తయారీ పెరుగుతుంది. ఇయోటాక్సిన్లు అనే రసాయన సంకేతాలు వాటిని దెబ్బతిన్న చోటికి లాగుతాయి. రక్తంలో అవి ఉండేది మహా అయితే ఒక రోజు. మైక్రోలీటరుకు 500 దాటితే ఎక్కువంటాం గానీ, అసలు పని జరిగేది కణజాలంలో.

ఇంటర్‌ల్యూకిన్-5ను అడ్డుకునే మెపోలిజుమాబ్ అనే మందును మొదట్లో ఉబ్బసం రోగులందరి మీదా పరీక్షించి పెద్దగా లాభం లేదనుకున్నారు. ఇసినోఫిల్స్ ఎక్కువున్నవాళ్లనే ఏరి ఇచ్చాక, ఉబ్బసం ఉధృతమయ్యే సందర్భాలు తగ్గాయని 2009లో తేలింది. అమెరికాలో 2015లో అనుమతి వచ్చింది. మందు అదే, రోగిని ఎంచుకునే తీరు మారింది.

పురుగుల సంగతి ఇంత తేలిక కాదు. ఇసినోఫిల్స్ ఉన్నదే పురుగుల్ని చంపడానికని చదువుకున్నాం. కండరాల్లో చేరే ట్రైకినెల్లా అనే పురుగు సోకిన ఎలుకల్లో జరిగింది వేరు: ఈ కణాలు లేనప్పుడే కండరాల్లోని లార్వాలు ఎక్కువగా చచ్చాయి!

మనకు దగ్గరి ఉదాహరణ బోదకాలు పురుగు. కొందరిలో దాని పిల్లలు ఊపిరితిత్తుల్లో చిక్కుకుని రాత్రిపూట దగ్గు తెస్తాయి, ఇసినోఫిల్స్ 3000 దాటిపోతాయి. చూడ్డానికి అచ్చం ఉబ్బసమే. పనిచేసే మందు మాత్రం బోదకాలు పురుగుకు ఇచ్చే డీఈసీ.

నాకు ఎక్కువ భయం స్ట్రాంగిలాయిడిస్ అనే పేగు పురుగుతోనే. చెప్పుల్లేని కాళ్ల చర్మంలోంచి దూరి, లోపలే సంతతి పెంచుకుంటూ దశాబ్దాలు ఉండగలదు. పైకి కనిపించేది కొన్నిసార్లు పెరిగిన ఇసినోఫిల్స్ అంకె ఒక్కటే. అప్పుడు స్టెరాయిడ్ ఇస్తే గంటల్లో అంకె పడిపోతుంది, పురుగు మాత్రం అదుపు తప్పి ఒళ్లంతా పాకవచ్చు. ప్రాణాలు పోతాయి. అందుకే పొలంలో, మట్టిలో తిరిగినవాళ్లకు స్టెరాయిడ్ కోర్సు రాసేముందు దీన్ని అనుమానించాలి. ఒక్క మలపరీక్షలో దొరకలేదని వదిలేయకూడదు, రక్తంలో యాంటీబాడీ పరీక్ష కూడా ఉంది. పురుగు ఉందని తేలితే కావాల్సింది ఐవర్‌మెక్టిన్. బడిలో ఇచ్చే ఒక్క ఆల్బెండజోల్ మాత్ర దీని మీద నమ్మకంగా పనిచేయదు.