దేవుడే క్షమించాడు, అడగడానికి నువ్వెవరు?

చిత్తూరు, తిరుపతి సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో ఈ మధ్య ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. అందులో చెప్పేది ఇదీ: పశ్చాత్తాపం దేవునికీ నాకూ మధ్య విషయం. మోకరించి కన్నీళ్లతో ఒప్పుకుంటే అయిపోయినట్టే. ఆ తర్వాత ఎవరైనా పాత సంగతి ఎత్తితే వాళ్ల నోట మాట్లాడేది అపవాది, అంటే సాతానే. దీనికి దన్నుగా దావీదు, సిలువ మీది దొంగ, యోహాను, పౌలు. కింద వరసగా ఆమెన్‌లు.

ఈ మాట ఎవరికి హాయిగా ఉంటుందో కాస్త ఆలోచించండి. చీటీ పాడుకుని డబ్బు తీసుకున్నాక వాయిదాలు ఎగ్గొట్టినవాడికి. తోతాపురి కాయలు లోడెత్తించుకుని సీజన్ దాటినా రైతుకు డబ్బు ఇవ్వనివాడికి. అన్న పోయాక వదిన వాటా నేల తన పేర రాయించుకున్నవాడికి. వీళ్లు గుడికి రానివాళ్లేం కాదు. ఉపవాస ప్రార్థనలో లేచి సాక్ష్యం చెప్పేవాళ్లూ వీళ్లలో ఉంటారు. ఆ సాక్ష్యం వింటూ వెనక వరసలో ఆ వదిన కూడా కూర్చుని ఉంటుంది.

మొదట దావీదు రాజు సంగతి. ఊరియా భార్య బత్షెబను తీసుకుని, ఊరియాను చంపించినవాడు. 51వ కీర్తనలో ఆయన "నీకు కేవలము నీకే విరోధముగా నేను పాపము చేసియున్నాను" అన్నాడు కదా, ఇక మనుషులతో పనేమిటి అంటోంది మెసేజ్. ఆ వచనం అక్కడితో ఆగదు. నువ్వు తీర్పు తీర్చితే అది న్యాయమే అని అదే వచనంలో ముగుస్తుంది. శిక్షను ఒప్పుకుంటూ అన్న మాట అది. దాన్ని తప్పించుకునే మాటగా మార్చారు. పైగా ఆ కీర్తన చాటుమాటు ఒప్పుకోలు కూడా కాదు. దాని మొదట్లోనే ప్రధాన గాయకునికి అని ఉంది, బత్షెబ పేరు ఉంది, ప్రవక్త నాతాను ఆయన దగ్గరికి వచ్చిన సంగతి ఉంది. రాజు తన నేరాన్ని ఊరంతా పాడుకునేలా గాయకుల చేతికిచ్చాడు. పేదవాడి ఒక్కగానొక్క గొర్రెపిల్లను ధనవంతుడు లాక్కున్న కథను నాతాను చెప్పినప్పుడు, ఆ దోచుకున్నవాడు నాలుగంతలు ఇచ్చుకోవాలని తీర్పు చెప్పిందీ ఆయనే (2 సమూయేలు 12:6). ఊరియా అప్పటికే చచ్చిపోయాడు, తిరిగి ఇవ్వడానికి వీల్లేదు. మన చీటీ సభ్యులు బతికే ఉన్నారు.

దావీదును తెచ్చినవాళ్లు ఆయనకు ముందు రాజైన సౌలును ఎందుకు వదిలేశారో! సౌలు కూడా పాపం చేశానని ఒప్పుకున్నాడు. ఆ వెంటనే, అయినా జనం పెద్దల ముందు నా పరువు నిలబెట్టమని ప్రవక్త సమూయేలును బతిమాలాడు (1 సమూయేలు 15:30). మెసేజ్ నేర్పే ఒప్పుకోలు ఇలాంటిదే.

ఇక యేసు పక్కన సిలువ మీదున్న దొంగ. ఏమీ తిరిగి ఇవ్వకుండానే పరదైసుకు వెళ్లాడు, నిజమే. క్షమాపణ ఉచితమనడానికి అంతకన్నా గట్టి సాక్ష్యం లేదు, దాన్ని ఎవరూ తగ్గించకూడదు. కానీ ఆయన చేతులకు మేకులున్నాయి. అయినా నోరు చేయగలిగిన పని చేసింది: మనకు పడిన శిక్ష న్యాయమేనని అంతమందిలో అన్నాడు. మన చేతులకు మేకులు లేవు, జేబులో ఫోన్‌పే కూడా ఉంది. చేతులు ఖాళీగా ఉన్న పాపి కథ కావాలంటే లూకాలోనే నాలుగు అధ్యాయాలు వెనక్కి వెళ్లండి. పన్నులు వసూలు చేసే జక్కయ్యను యేసు డబ్బు అడగలేదు. జక్కయ్యే లేచి సగం ఆస్తి బీదలకు, అన్యాయంగా తీసుకున్నవాళ్లకు నాలుగంతలు ఇస్తానన్నాడు. ఈ ఇంటికి నేడు రక్షణ వచ్చిందన్న మాట ఆ తర్వాత వినిపించింది. రక్షణను జక్కయ్య కొనుక్కోలేదు. అది వచ్చిందని ఊరికి తెలిసింది మాత్రం ఆ డబ్బు చేతులు మారడంతోనే.

మూడోది 1 యోహాను 1:9, ఒప్పుకుంటే చాలు అన్నది. ఒప్పుకుంటే క్షమిస్తాడు, సందేహం లేదు. అదే పత్రికలో, కళ్లెదుటి సహోదరుణ్ణి ప్రేమించనివాడు కనపడని దేవుణ్ణి ప్రేమించలేడని కూడా ఉంది. ఒక వచనాన్ని ఫొటోగా కత్తిరించి పంపితే ఇదే చిక్కు.

లేవీయకాండం 6వ అధ్యాయం ఇంకా సూటిగా చెబుతుంది. మోసంతో తీసుకున్నది పూర్తిగా ఇచ్చి, మీద అయిదో వంతు కలపాలి. 50,000 ఎగ్గొట్టినవాడు 60,000 ఇవ్వాలి, ఇచ్చేది సొంతదారుకు. అపరాధ పరిహారం కోసం పొట్టేలు తేవడం వేరే, ఒకటి చేస్తే రెండోది మాఫీ కాదు. అది పాత నిబంధన అంటారా? మత్తయి 5:23, 24 చూడండి. బలిపీఠం దగ్గర కానుక పెట్టబోతుండగా నీ మీద సహోదరుడికి ఏదో ఉందని గుర్తొస్తే, కానుక అక్కడే వదిలి ముందు వెళ్లి సమాధానపడమన్నాడు ప్రభువు. ఆ మాట విన్నది గలిలయవాళ్లు, బలిపీఠం ఉన్నది యెరూషలేములో. మధ్య దూరం వంద కిలోమీటర్లకు పైనే. మనం వెళ్లాల్సిన దూరం చిత్తూరు నుంచి తిరుపతి అంత కూడా ఉండదు, అదీ మనకు బస్సుంది.

తిరుపతి, శ్రీకాళహస్తి వైపు జర్మనీ నుంచి వచ్చిన హెర్మన్స్‌బర్గ్ మిషన్ రోజుల నుంచి లూథరన్ సంఘాలున్నాయి. వాటికి పేరిచ్చిన జర్మన్ సంస్కర్త లూథర్ 1517లో, పాపాల శిక్ష మాఫీ అంటూ చర్చి డబ్బుకు ఇచ్చిన క్షమాపణ పత్రాల అమ్మకం మీద రాసిన 95 వాదాల్లో మొదటిది, విశ్వాసి జీవితమంతా పశ్చాత్తాపమే కావాలని. మూడోది ఇంకా ఘాటు: లోలోపలి పశ్చాత్తాపం ఒక్కటే చాలదు, బయట బతుకులో కనపడకపోతే అది లేనట్టే. క్రియల వల్ల రక్షణ రాదని అంత గట్టిగా వాదించిన మనిషే ఈ మాటా అన్నాడు.

నాకు ఎక్కువ కోపం తెప్పించింది, అడిగేవాడు అపవాది అన్న మాట. లూకా 17:3లో యేసు నష్టపోయినవాడికి చెప్పిందేమిటి? నీ సహోదరుడు తప్పు చేస్తే గద్దించు, మారుమనస్సు పొందితే క్షమించు అని. అంటే అడగడం ప్రభువు ఇచ్చిన హక్కే. క్షమించకపోతే నీకే పాపమని ఆ వదినను బెదిరించడం మోసం చేసినవాడి పని కాదు, పాస్టరయ్య పని అసలే కాదు. ఇంకోటి కూడా చెప్పాలి. కొన్ని నేరాల్లో, ముఖ్యంగా ఆడవాళ్ల మీద, పిల్లల మీద జరిగినవాటిలో, పశ్చాత్తాపపడ్డానంటూ వాళ్ల గుమ్మం ముందు నిలబడటమే మళ్లీ హింస. అక్కడ చేయాల్సింది దూరంగా ఉండటం, పోలీసుల ముందు నిజం చెప్పడం, పడిన శిక్ష అనుభవించడం. ప్రార్థన చేసుకున్నాడు కాబట్టి కేసు వెనక్కి తీసుకోమనే సంఘపెద్దలు దొంగ అన్న మాటను మళ్లీ చదువుకోవాలి.

చివరగా పౌలు. "పాతవి గతించెను" కాబట్టి పాత బాకీలూ గతించాయట. ఆ పౌలే ఫిలేమోనుకు ఉత్తరం రాశాడు. ఒనేసిము ఫిలేమోను ఇంటి నుంచి వచ్చేసిన దాసుడు, పౌలు దగ్గర విశ్వాసి అయ్యాడు. కొత్త సృష్టి అయ్యాడు కదా, ఆ లెక్క ఎత్తకు అని పౌలు రాయలేదు. అతను నీకేమైనా నష్టం చేసినా, బాకీ ఉన్నా నా లెక్కలో వేసుకో, నా చేత్తో రాస్తున్నాను, నేనే తీరుస్తాను అని రాశాడు. మన లెక్కన అది ప్రామిసరీ నోటు.