నోరు తెరవని సీడీ ప్లేయర్ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ సీడీ ప్లేయర్ గారి దివ్యసముఖానికి, తిరుపతి బైరాగిపట్టెడ నుంచి తమ యజమాని రాసుకునే విన్నపం.

ఉభయకుశలోపరి. ఇక్కడ సోఫాలో నేను క్షేమం. అక్కడ, అంటే ఏడడుగుల అవతల, టీవీ స్టాండు కింది అరలో తమరూ క్షేమమని తలుస్తాను. ఈ తమరూ గిమరూ నాకు అలవాటు లేదు, నువ్వనే రాస్తాను. కోపం తెచ్చుకోకు. తెచ్చుకున్నా ఏం చేస్తావులే, మహా అయితే ట్రే బయటికి రానివ్వవు. అది మొన్నటిదాకా ఎలాగూ నెత్తిన రెండు మొట్టికాయలు పడితే గానీ వచ్చేది కాదు.

సంగతేమంటే, నిన్ను మార్చాలా వద్దా అని ఇంట్లో చర్చ నడుస్తోంది. చర్చించేది నేనొక్కణ్నే. మా ఆవిడ "పాడతాంది గదా, ఇంగేంది?" అని తేల్చేసింది. బెంగళూరులో ఉన్న మావాడు "అన్నీ ఫోన్లోనే ఉండాయి గదా నాన్నా" అన్నాడు. వాడి దృష్టిలో సీడీ అంటే మామిడితోటలో పిట్టల్ని బెదరగొట్టడానికి కట్టే మెరుపుబిళ్ల.

ఇదంతా మా తోడల్లుడి వల్ల వచ్చింది. చిత్తూరు నుంచి వచ్చినప్పుడల్లా మామిడికాయలు తెచ్చే మనిషి, ఈసారి కొత్త సీడీ ప్లేయరు తెచ్చాడు. నాకివ్వడానికి కాదు, చూపించడానికి. ముందువైపు అరంగుళం మందాన అల్యూమినియం పలక. ఇద్దరం పట్టి స్టాండు మీద పెట్టేసరికి నా నడుం పట్టేసింది. "బరువులోనే ఉండాది అన్నా క్వాలిటీ" అన్నాడు. ఆ లెక్కన మా పెరట్లో రుబ్బురోలు కచేరీలు చెయ్యాలి. పైగా అది ఎస్ఏసీడీలు కూడా వాయిస్తుందట. అంటే సూపర్ ఆడియో సీడీలు, మామూలు సీడీ కన్నా ధ్వనిని ఇంకా వివరంగా దాచుకునే, 1999లో వచ్చిన రకం బిళ్లలవి. నా దగ్గర ఒక్కటీ లేదు, ఆయన దగ్గరా లేదు. సంబంధం కుదరకముందే కల్యాణమండపానికి అడ్వాన్సు కట్టడం మా అత్తగారివైపు ఆనవాయితీ కాబోలు.

సరే, పరీక్ష పెట్టాం. గృహప్రవేశాల్లో పంచిపెట్టిన కచేరీ సీడీ ఒకటి నా దగ్గర రెండు కాపీలుంది. నీ కడుపులో ఒకటి, దాని కడుపులో ఒకటి వేశాం. నేనూ తోడల్లుడూ కళ్లకు తువ్వాళ్లు కట్టుకుని కూర్చున్నాం. ఆంప్లిఫయరు మీద మీట తిప్పేది మా ఆవిడ. పొయ్యి మీద పప్పు ఉందని సణుగుతూనే తిప్పింది. మొదటి విడతలో నేను కొత్తదాన్నే మెచ్చుకున్నాను, దాచను. తీరా చూస్తే దాని అవుట్‌పుట్ నీకన్నా కాస్త ఎక్కువ. రెండింట్లో కొంచెం పెద్దగా వినిపించేదే చెవికి బాగున్నట్టు తోస్తుంది. పందిట్లో మైకుసెట్టువాడికి ఎప్పటినుంచో తెలిసిన కిటుకే ఇది.

ఫోన్లో ధ్వని కొలిచే యాప్ పెట్టి, రెండింటి వాల్యూమూ సమం చేసి మళ్లీ కూర్చున్నాం. "ఇప్పుడు చూడన్నా, మృదంగం దెబ్బ ఎట్లా విడివిడిగా పడతాందో! ఇందుకే గదా డబ్బు పెట్టింది" అన్నాడు తోడల్లుడు తువ్వాలు కిందనుంచి. తువ్వాలు తీస్తే పాడుతున్నది నువ్వు. పాపం, అలిగి వెళ్లిపోలేదు, పప్పు రెండుసార్లు వడ్డించుకున్నాడు. ప్లేయరు గురించి మాత్రం మళ్లీ మాట్లాడలేదు.

నీ గొప్ప నాకు తెలియక కాదు. 1982 అక్టోబరులో జపాన్‌లో మీ వంశం అంగడికెక్కిన నాటి లెక్కే ఈరోజుకీ లెక్క. ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలిచిన నమూనాలు, ఒక్కోటి 16 బిట్ల అంకె. 12 సెంటీమీటర్ల బిళ్ల మీద ఆ అంకెల్ని దాచిన గుంటల వరసను విప్పి పరిస్తే 5 కిలోమీటర్లు దాటుతుంది. అంటే అలిపిరి మెట్లదారిలో సగం పైమాటే. లోపలి చుట్టు దగ్గర నిమిషానికి దాదాపు 500 ప్రదక్షిణలతో బయల్దేరి, అంచుకొచ్చేసరికి 200కు దిగుతావు. మోకాళ్ల పర్వతం దగ్గర మేం నెమ్మదించేది ఆయాసంతో. నువ్వు నెమ్మదించేది, అంచున చుట్టు పెద్దది గనక, గుంటలన్నీ లేజరు కింద ఒకే వేగంతో సాగాలని. దారిలో సుమారు రెండున్నర మిల్లీమీటర్ల గీత పడినా, చెరిగిన అంకెల్ని మిగతా అంకెల ఆధారంగా పూడ్చేస్తావు.

కాబట్టి సరిగ్గా పనిచేస్తున్నంత కాలం, నువ్వు చదివే అంకెలే ఆ రుబ్బురోలూ చదువుతుంది. తేడా ఏదైనా ఉంటే ఆ అంకెల్ని స్వరంగా మార్చే డాక్ చిప్పు దగ్గరా, దాని తర్వాతి సర్క్యూట్లోనూ ఉండాలి. అది నచ్చకపోతే, నీ వీపున ఉన్న డిజిటల్ అవుట్ నుంచి ఒక వైరు లాగి, బయట వేరే డాక్ తగిలించుకోవచ్చు. పెట్టె పెట్టంతా మార్చే పనిలేదు. ఈ ముక్క నేను వెళ్లిన షోరూములో అబ్బాయి చెప్పలేదు. ఈఎంఐ గురించి బాగా చెప్పాడు.

ఇక నా చెవులు. నీకు 20,000 హెర్ట్జ్ దాకా పలకడం వచ్చు. అరవై దాటిన నాకు అంత ఎత్తున వినడం రాదు. అందులో సగానికి కాస్త పైన ఎక్కడో ఆగిపోతాను. ఆ ఉన్నదాంట్లోనూ మే నెలలో సీలింగు ఫ్యాను వాటా తీసుకుంటుంది.

అయినా నిన్ను రిపేరుకు తీసుకెళ్లాను. ఆటోలో ఒళ్లో పెట్టుకుని పూర్ణకుంభం సర్కిల్లో ఎమ్మెస్ సుబ్బులక్ష్మి విగ్రహం పక్కనుంచి పోతుంటే, ఆవిడ వైపు చూడ్డానికి మొహం చెల్లలేదు. నాకు అన్నమయ్య రాగిరేకులు గుర్తొచ్చాయి. కొండమీద అరలో వందల ఏళ్లున్నాయి. సాహిత్యం ఉంది, రాగం పేరుంది, పాడే వరస మాత్రం లేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ లాంటి సంగీత విద్వాంసులు మళ్లీ వరసలు కట్టాల్సొచ్చింది. నీ దగ్గర వరస ఉంది, తాళం ఉంది, గాయని మధ్యలో తీసుకున్న ఊపిరి కూడా ఉంది. అప్పటికి నోరే తెరుచుకోవడం లేదు.

రిపేరు అబ్బాయి మూత విప్పి, వేలితో ఒక నల్లటి రబ్బరు రింగు ఎత్తి చూపించాడు. "లెన్సు బాగుండాది సార్. ట్రే బెల్టు సాగిపోయింది, అంతే. 30 రూపాయలు." నేను ఇంకేమైనా పోయిందేమో చూడమన్నాను. చూశాడు. లేదన్నాడు. ఇంకోసారి చూడమన్నాను.

ఇప్పుడు నీ ట్రే వెన్నలా జారుతోంది. మా ఆవిడ వచ్చి చూసి, "అంతే గదా" అని వంటింట్లోకి పోయింది. నా చేతిలో ఒక్క సాకు కూడా మిగల్లేదు.

అందుకే ఈ ఉత్తరం. నాకోసం ఒక్క పని చెయ్యి. దసరా లోపల ఎప్పుడైనా, మా ఆవిడ హాల్లో ఉన్నప్పుడు, ఒకటి రెండు పాటలు మధ్యలో మింగెయ్యి. వీలైతే కాస్త గరగరమను. మిగతాది నేను చూసుకుంటాను. షోరూము కార్డు పంచాంగంలో దాచాను.

ఇట్లు,
నీ రిమోటు ఎక్కడ పెట్టాడో ఇంకా వెతుకుతున్న
యజమాని