రాష్ట్రపతి పేరు మీద ఆగిన ఫైళ్లకు తేదీలేవి?

రాష్ట్రపతి బొల్లారం విడిదికి వస్తే మనకు వార్త ఏంటి? ఏ రోడ్డు మూసేశారు, ఎయిర్‌పోర్టుకు ఏ మంత్రి వెళ్లారు, తేనీటి విందుకు ఎవరిని పిలిచి ఎవరిని వదిలేశారు. 2022 డిసెంబర్ 28న ద్రౌపది ముర్ము రామప్పకు వచ్చినప్పుడు కూడా ఓరుగల్లులో మాట్లాడుకున్నది హెలిప్యాడ్ గురించి, బందోబస్తు గురించే. అదే రాష్ట్రపతి పేరు మీద ఢిల్లీలో కదిలిన, కదలని కాగితాలు మాత్రం ఇక్కడ ఎవరికి ఏ ఊళ్లో ఉద్యోగం రావాలో, ఎవరు ఏ జిల్లాకు బదిలీ కావాలో, ఏ కులానికి ఎన్ని సీట్లు దక్కాలో తేల్చేస్తుంటాయి. వాటి మీద మన నాయకులు ధర్నాలు చేస్తారు, వినతిపత్రాలిస్తారు, ఫొటోలు దిగుతారు. ఆ ఫైలు ఏ రోజు ఏ టేబుల్ మీద ఉందని మాత్రం అడగరు. నా గొడవంతా ఇక్కడే.

రాజ్యాంగం 77వ అధికరణ ప్రకారం కేంద్ర ప్రభుత్వం చేసే ప్రతి కార్యనిర్వాహక పనీ రాష్ట్రపతి పేరు మీదే జరగాలి. కింద సంతకం చేసేది మాత్రం ఏదో ఒక శాఖలోని అధికారి. 'రాష్ట్రపతి ఉత్తర్వుల మేరకు' అని వచ్చే కాగితాల్లో చాలావాటిని రాష్ట్రపతి కళ్లతో కూడా చూడరు. ఆ స్థాయిదాకా వెళ్లే బిల్లులు, నియామకాలు, క్షమాభిక్ష అర్జీలు కూడా సంబంధిత శాఖలో నోట్ పడి, పైఅధికారుల చేతులు దాటి, మంత్రి సలహాతోనే రాష్ట్రపతి భవన్ ఉన్న రైసినా హిల్‌కు చేరతాయి. ఇందులో బ్రహ్మరహస్యం ఏమీ లేదు. టపా రావడం, ఇన్‌వార్డ్ నంబర్ పడటం, నోట్ ఫైలు తయారు కావడం, సంతకానికి పెట్టడం, డిస్పాచ్. హన్మకొండ కలెక్టరేట్‌లో సీనియర్ అసిస్టెంట్ చేసే పనే అక్కడా జరుగుతుంది, కాకపోతే కాస్త మందపాటి కాగితం మీద.

ములుగు సంగతే తీసుకోండి. వరంగల్‌లో నిరుద్యోగిని ఎవరిని కదిలించినా 'ప్రెసిడెన్షియల్ ఆర్డర్' అనే మాట వస్తుంది. ఏ ఉద్యోగం ఏ జిల్లా, ఏ జోన్ లెక్కలోకి వస్తుందో, అక్కడ స్థానికులెవరో తేల్చే రాష్ట్రపతి ఉత్తర్వు అది. ముల్కీ గొడవలు, 1969 ఉద్యమం, ఆరు సూత్రాల పథకం, రాజ్యాంగంలో 371-డి అధికరణ, 1975 ఉత్తర్వులు... ఆ చరిత్ర ఇక్కడ కోచింగ్‌కు పోయే ప్రతి పిల్లవాడికీ కంఠోపాఠం. ఆదిలాబాద్, కరీంనగర్, వరంగల్, ఖమ్మం కలిసి ఐదో జోన్‌గా నలభై ఏళ్లకు పైగా బతికాం. రాష్ట్రం వచ్చాక, 2018 ఆగస్టులో కొత్త ఉత్తర్వులొచ్చాయి. ఏడు జోన్లు, రెండు మల్టీజోన్లు, స్థానికులకు 95 శాతం ఉద్యోగాలు. బాగుంది. కానీ ఆరు నెలలు తిరగకుండానే, 2019 ఫిబ్రవరి 17న, ములుగు, నారాయణపేట కొత్త జిల్లాలయ్యాయి. ఉత్తర్వుల్లో ఆ రెండు పేర్లు లేవు. కలెక్టర్ వచ్చారు, ఎస్పీ వచ్చారు, బోర్డులు మారాయి. స్థానిక కేడర్ల లెక్కలో, అంటే జిల్లా, జోన్ వారీ ఉద్యోగాల లెక్కలో మాత్రం ములుగు అనే జిల్లా లేదు. ఆ పేరు చేర్చాలంటే మళ్లీ రాష్ట్రపతి ఉత్తర్వును సవరించాలి. ఆ సవరణ గెజిట్‌లోకి ఎక్కేసరికి 2021 ఏప్రిల్ వచ్చింది.

రెండేళ్లకు పైగా. రెండు జిల్లాల పేర్లు చేర్చడానికి, వికారాబాద్‌ను ఒక జోన్ నుంచి ఇంకో జోన్‌కు మార్చడానికి! ఇందులో హైదరాబాద్ సచివాలయంలో ఎన్ని నెలలు పోయాయి, కేంద్ర హోంశాఖ ఉన్న నార్త్ బ్లాక్‌లో ఎన్ని నెలలు పోయాయి, రాష్ట్రపతి భవన్‌లో ఎన్ని రోజులు పట్టింది? ఆలస్యం ఢిల్లీదే అని అప్పటి రాష్ట్ర ప్రభుత్వం అనేది. మీరు సరిగ్గా పంపలేదని ఇక్కడి బీజేపీ నేతలు అనేవారు. ఇద్దరిలో ఎవరి మాట నిజమో చెప్పగలిగే నాలుగు తేదీలు ఇద్దరి దగ్గరా ఉన్నాయి. ఒక్కరూ బయటపెట్టలేదు.

ఆ నిదానం తర్వాత వచ్చిన తొందర చూడండి. 2021 డిసెంబర్‌లో జీవో 317 ఇచ్చి, వారాల వ్యవధిలో ఉద్యోగుల్ని కొత్త జిల్లాలకు, జోన్లకు పంచేశారు. ఒకప్పటి వరంగల్ జిల్లా ఇప్పుడు మూడు జోన్లలో ఉంది. ములుగు, భూపాలపల్లి కాళేశ్వరం జోన్. హన్మకొండ, వరంగల్, మహబూబాబాద్ భద్రాద్రి జోన్. జనగామ యాదాద్రి జోన్. సీనియర్లు ఊరి దగ్గర పోస్టులు పట్టుకున్నారు. జూనియర్ టీచరమ్మ టిఫిన్ బాక్స్ సర్దుకుని ఏటూరునాగారం బస్సు ఎక్కింది. భార్య ఒక జిల్లా, భర్త ఒక జిల్లా. పిల్లలు అమ్మమ్మ దగ్గర. ఆ ఫైలు రెండేళ్లు నానకుండా ఉంటే, పంపకాలకు ముందు ఉద్యోగుల అభ్యంతరాలు వినడానికి తీరిక ఉండేది. తేదీ లేకుండా నానబెట్టిన ఫైలును చివర్లో ఉరుకులు పరుగులు పెట్టిస్తారు, దెబ్బ కింది ఉద్యోగికి తగులుతుంది.

నిజానికి ఫైలుకు తేదీ పెడితే ఏమవుతుందో మనకు తెలిసినంతగా ఈ దేశంలో ఇంకెవరికీ తెలియదు. తెలంగాణ పుట్టిందే అలా. 2013 డిసెంబర్‌లో పునర్విభజన బిల్లును అప్పటి రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ ఉమ్మడి అసెంబ్లీ అభిప్రాయానికి పంపారు. మూడో అధికరణలో ఒక చిన్న షరతు ఉంది. అసెంబ్లీ తన అభిప్రాయం ఎప్పటిలోగా చెప్పాలో రాష్ట్రపతి ఆ పంపే కాగితంలోనే రాయాలి. జనవరి 23 అని రాశారు. ఇంకా టైమ్ కావాలని రాష్ట్రం అడిగితే వారం పెంచి జనవరి 30 అన్నారు. అంతే, ఆపైన పెంచలేదు. సభలో ఎంత రభస జరిగినా, కాగితాలు ఎన్ని చించినా, జనవరి 30 వచ్చింది, పోయింది. బిల్లు వద్దంటూ సభ చేసిన తీర్మానంతో సహా అది ఢిల్లీకి తిరిగెళ్లింది. ఫిబ్రవరిలో రెండు సభలూ దాటింది, మార్చి 1న రాష్ట్రపతి సంతకం పడింది, జూన్ 2న రాష్ట్రం వచ్చింది. ఆ జనవరి నెలంతా కాకతీయ యూనివర్సిటీలో పిల్లలు ఎంత టెన్షన్‌తో క్యాలెండర్ చూశారో అప్పుడు అక్కడున్న ఎవరినైనా అడగండి. రాష్ట్రపతి కార్యాలయం నుంచి వచ్చిన కాగితంలో ఆ గడువు లేకపోతే, అభిప్రాయం చెబుతున్నాం, చర్చిస్తున్నాం అంటూ ఆ బిల్లును ఎన్నికల దాకా ఈడ్చి ఉండేవాళ్లు. ఎన్నికల తర్వాత ఆ బిల్లు ఊసెత్తేవారు ఉండేవారా?

ఇప్పుడు 201వ అధికరణకు రండి. గవర్నర్ ఏదైనా బిల్లును రాష్ట్రపతి పరిశీలనకు పంపితే, ఆ పరిశీలన ఎప్పటికి ముగియాలో అందులో ఒక్క మాట లేదు. రాష్ట్రపతి తిప్పి పంపితే అసెంబ్లీ మాత్రం ఆరు నెలల్లో మళ్లీ చూడాలట! గడువు అసెంబ్లీకే గానీ ఢిల్లీకి లేదు.

ఫలితం 2017 ఏప్రిల్ బిల్లులో చూశాం. గిరిజనులకు 10 శాతం, ముస్లిం వెనుకబడిన వర్గాలకు 12 శాతం రిజర్వేషన్లంటూ అసెంబ్లీ ఆమోదించి పంపింది. ఏళ్లు గడిచాయి. 2022 మార్చిలో లోక్‌సభలో ప్రశ్న వస్తే, గిరిజన రిజర్వేషన్ల పెంపు మీద తెలంగాణ నుంచి ప్రతిపాదనే అందలేదని కేంద్ర సహాయ మంత్రి జవాబిచ్చారు. పంపామని అప్పటి టీఆర్ఎస్ ఎంపీలు కాగితాలు పట్టుకుని సభాహక్కుల ఉల్లంఘన నోటీసు ఇచ్చారు. ఒక శాసనసభ ఆమోదించిన బిల్లు అందిందో లేదో కూడా గొడవ పడాల్సి వచ్చిందంటే, ఇక్కడ తగువు రాజ్యాంగం గురించి కానే కాదు, ఇన్‌వార్డ్ రిజిస్టర్ గురించి. చివరికి ఆ ఏడాది సెప్టెంబర్‌లో రాష్ట్రం జీవోతోనే 10 శాతం అమలు చేసుకుంది. ఆదిలాబాద్ గోండు పిల్లలు, ములుగు కోయ పిల్లలు ఈలోపు ఎన్ని బ్యాచ్‌లు డిగ్రీలు ముగించి బయటికొచ్చి ఉంటారు?

2025 మార్చిలో విద్య, ఉద్యోగాలు, స్థానిక సంస్థల్లో బీసీలకు 42 శాతం రిజర్వేషన్ల బిల్లులదీ అదే దారి. అసెంబ్లీ ఆమోదం, గవర్నర్, అక్కడి నుంచి ఢిల్లీ. ఆగస్టులో ముఖ్యమంత్రే జంతర్ మంతర్‌లో కూర్చున్నారు. తర్వాత 42 శాతానికి రాష్ట్రం జీవో ఇవ్వడం, దాని మీద హైకోర్టు స్టే అంతా పాఠకులకు తెలిసిందే. డిసెంబర్‌లో పంచాయతీ ఎన్నికలు పాత 50 శాతం పరిమితిలోనే అయిపోయాయి. ఆ ధర్నాలో నినాదాలు బాగా వినపడ్డాయి. బిల్లులు రాష్ట్రపతి కంటే ముందు వెళ్లే కేంద్ర హోంశాఖకు ఎప్పుడు చేరాయి, అది ఏయే శాఖల అభిప్రాయం అడిగింది, ఎవరు జవాబివ్వలేదు అనే ప్రశ్న వినపడలేదు. అడిగి ఉంటే, ఆగింది రాష్ట్రపతి దగ్గరా, ఇంకెక్కడైనానా అన్నది తేలేది. తేలడం ఎవరికీ ఇష్టం లేదనే నా అనుమానం. తేలకుండా ఉంటే రెండు పార్టీలకూ ఎన్నికల ప్రసంగం మిగులుతుంది.

దీనికి పెద్దలు చెప్పే జవాబు ఒకటుంది. రాష్ట్రపతి మంత్రిమండలి సలహా మీదే నడుచుకుంటారు, ఆ సలహా ఏంటో కోర్టులు కూడా అడగరాదని 74వ అధికరణ చెబుతోంది, అత్యున్నత పదవిని రిజిస్టర్లు, టపాల స్థాయికి దించొద్దు అని. గౌరవం సంగతి ఒప్పుకుంటాను. కానీ సలహా ఏంటని ఎవరడిగారు? ఏ తేదీన వచ్చింది, ఏ తేదీన వెళ్లింది అనేది సలహా ఎలా అవుతుంది? పైగా 2016లోనే కేంద్ర హోంశాఖ, రాష్ట్రాల బిల్లుల మీద మూడు నెలల్లో నిర్ణయం జరగాలని తన ఆఫీస్ మెమొరాండంలో రాసుకుంది. తాము పెట్టుకున్న గడువు దాటిందో లేదో చెప్పడానికి అంత మొహమాటం ఎందుకు?

కోర్టు దారి కూడా దాదాపు మూసుకుపోయింది. గవర్నర్ బిల్లులు ఆపారన్న తమిళనాడు కేసులో 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తులు రాష్ట్రపతికి సైతం మూడు నెలల గడువు అన్నారు. మేలో రాష్ట్రపతి నుంచి సుప్రీంకోర్టుకు 14 ప్రశ్నలు వెళ్లాయి. నవంబర్ 20న రాజ్యాంగ ధర్మాసనం, కోర్టులు గడువులు విధించలేవని తేల్చింది. కాబట్టి గడువు పెట్టించలేం. తేదీలు చెప్పించడానికి మాత్రం ఏ తీర్పూ అడ్డం కాదు.

అన్ని ఫైళ్లూ నిదానమే అనుకుంటే పొరపాటు. ములుగు గిరిజన విశ్వవిద్యాలయం బిల్లు 2023 డిసెంబర్‌లో పార్లమెంటు దాటి, ఆ నెలలోనే చట్టమైంది. విభజన చట్టంలో ఇచ్చిన మాటకు తొమ్మిదేళ్లు పట్టింది గానీ, సంతకానికి రోజులే పట్టింది. అదే కార్యాలయం, అదే సిబ్బంది. కేంద్రానికి కావాల్సిన ఫైలుకు గడువు అక్కర్లేదు.

ఢిల్లీని తిట్టి ఊరుకుంటే సగం మాటే చెప్పినట్టు. మన హైదరాబాద్ ఏమైనా తక్కువ తిన్నదా? జీవోలు ఇచ్చిన 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టండని 2021లో హైకోర్టు చెప్పాల్సి వచ్చింది. రాష్ట్రపతి సచివాలయానికి ఆన్‌లైన్‌లో అర్జీ పెట్టుకున్న భూమి బాధితుడి సంగతి చూడండి. రిజిస్ట్రేషన్ నంబర్ వస్తుంది, సంతోషిస్తాడు. ఆ అర్జీ 'తగు చర్య నిమిత్తం' రాష్ట్ర ప్రధాన కార్యదర్శికి, అక్కడి నుంచి కలెక్టర్‌కు, ఆర్డీవోకు, ఆఖరికి తహసీల్దార్‌కు వస్తుంది. అంటే, ఎవరి మీద ఫిర్యాదో ఆయన టేబుల్ మీదికే. ఆయన రెండు లైన్లలో రిపోర్ట్ రాసి పైకి పంపుతాడు, ఫైలు క్లోజ్. ఫోన్‌కు 'డిస్పోజ్డ్' అని మెసేజ్ వస్తుంది. సోమవారం ప్రజావాణిలో ఆ ఫోన్ పట్టుకుని నిలబడ్డ రైతును కౌంటర్‌లో ఉద్యోగి, 'పెద్ద సారు దాకా పోయినవు కదా, ఇంక మేమేం చేస్తం?' అంటాడు. పాత భూరికార్డుల పోర్టల్ ధరణి నాటి తప్పులకు కొత్త భూభారతిలో దారి చూపిస్తామంటున్న ప్రభుత్వం, ముందు ఆ అర్జీ ఏ టేబుల్ మీద ఎన్ని రోజులుందో ఆ రైతు ఫోన్‌లో కనిపించేలా చేయాలి. ఈ పని హైదరాబాద్‌లో చేయకుండా ఢిల్లీని అడిగే నైతిక హక్కు రాష్ట్రానికి ఎక్కడిది?

మన ఎంపీలు, ఎమ్మెల్యేలు చేయగలిగిన పని చిన్నదే. ఈసారి రాష్ట్రపతి బొల్లారం వచ్చినప్పుడు శాలువాతో పాటు ఒక పేజీ కాగితం ఇవ్వండి. తెలంగాణ నుంచి వెళ్లి ఆగిన ప్రతి బిల్లుకూ గవర్నర్ పంపిన తేదీ, హోంశాఖకు చేరిన తేదీ, ఏ శాఖ అభిప్రాయం ఎప్పుడు అడిగారో, అది ఎప్పుడు జవాబిచ్చిందో, రాష్ట్రపతి ముందుకు ఎప్పుడు వచ్చిందో రాష్ట్రపతి భవన్ వెబ్‌సైట్‌లో పెట్టించమని అడగండి. అదే పేజీ ఒకటి జిరాక్స్ తీసి, మన రాష్ట్ర ప్రధాన కార్యదర్శికి కూడా ఇవ్వండి. ఆయన దగ్గర ఆగిన ఫైళ్లకు అవే గళ్లు సరిపోతాయి.