నీ నీళ్లు, నా కరెంటు

కామాక్షి: ఏమండీ, ఈ చార్టులో నా మొక్కల నీళ్లు తాడిచెట్లలా లేచాయి. రాత్రంతా వెలిగే మీ కంప్యూటర్ కరెంటేదీ?

సుబ్బారావు: కింద గీతలా ఉంది చూడు. పొదుపంటే అదీ!

కామాక్షి: స్క్రీన్ మీద మరకనుకుని తుడిచాను. నీళ్లు 12,000 లీటర్లు, కరెంటు 180 యూనిట్లు. ఒకే కొలబద్ద మీద నిలబెడితే మీది నా దాని ఎత్తులో ఒకటిన్నర శాతం. అది పొదుపు కాదు, దాగుడుమూతలు.

సుబ్బారావు: అయితే 1, 10, 100 సమాన దూరంలో ఉండే లాగ్ స్కేల్ పెడతా.

కామాక్షి: కాలమ్‌లకా? కొలబద్ద, అదే యాక్సిస్, 1 దగ్గర మొదలైతే 67 రెట్ల తేడా రెండు రెట్లు కూడా కనబడదు. మీ 180 కాస్తా 270 అయినా కాలమ్ ఎత్తు 8 శాతమే పెరుగుతుంది. పైగా మనం ఊళ్లో లేని నెల నీళ్లు సున్నా. లాగ్‌లో సున్నాకి చోటే లేదు.

సుబ్బారావు: సరే, కరెంటుకి కుడి పక్కన వేరే కొలబద్ద, అదే సెకండరీ యాక్సిస్! కానీ ఈ కరెంటు కాలమ్ మీద క్లిక్ పడి చావట్లేదే.

కామాక్షి: అంత సన్నంగా ఉంటే ఎలా పడుతుంది? ఎక్సెల్‌లో చార్టు ఎంచుకుని ఫార్మాట్ ట్యాబ్‌కి వెళ్లండి. ఎడమ చివరి జాబితాలో కరెంటు సిరీస్ పట్టుకుని, దాని కిందున్న ఫార్మాట్ సెలెక్షన్ నొక్కండి. సెకండరీ యాక్సిస్ అక్కడుంది.

సుబ్బారావు: నొక్కా... అరె, నీ నీళ్లేవీ?

కామాక్షి: మీ కాలమ్‌లు వచ్చి వాటి మీద కూర్చున్నాయి. చార్ట్ టైప్‌ని కాలమ్, లైన్ కలిసిన కాంబోకి మార్చి కరెంటుకి లైన్ ఇవ్వండి.

సుబ్బారావు: ఇచ్చా. చూడు, నా గీత ఎంత అణకువగా నేలకి ఆనుకుందో!

కామాక్షి: కుడి యాక్సిస్ గరిష్ఠం 3,000 పెట్టిందెవరు? 300 కొడితే... అదిగో, నా నీళ్ల నెత్తికెక్కింది.

సుబ్బారావు: ఇప్పుడు మాయ చేస్తున్నది నువ్వు!

కామాక్షి: అవును. రెండు యాక్సిస్‌లుంటే ఏ గీత దేన్ని దాటాలో మన చేతిలో పనే. ఎవరిది ఎక్కువ పెరిగిందో తేలాలంటే మొదటి నెలని 100 చేయాలి. =B2/B$2*100 అని రాసి కిందికి లాగండి. మొదటి నెలని కదలనివ్వని ఆ డాలరు గుర్తు మర్చిపోతే ప్రతి నెలా 100 వస్తుంది.

సుబ్బారావు: నీళ్లు 12,000 నుంచి 15,000, అంటే 125. కరెంటు 180 నుంచి 270... ఊఁ... 150. మొదటి నెలగా మనం ఊళ్లో లేని నెలని పెడదామా?

కామాక్షి: పెట్టండి. సున్నాతో భాగిస్తే సెల్స్ నిండా ఎర్రర్లే.

సుబ్బారావు: పోనీ రెండు చార్టులు, ఒకదాని కింద ఒకటి. నెలలు ఒకే వరసలో, ఎవరి కొలత వాళ్లది.

కామాక్షి: ఇన్నాళ్లకి బుద్ధిగా మాట్లాడారు. కాలమ్‌లు రెండింట్లోనూ సున్నా నుంచే లేవాలి. పైన ఏది?

సుబ్బారావు: నీ నీళ్లే. నా కరెంటు కిందే ఉండనీ, స్క్రోల్ చేస్తే గానీ కనబడకుండా.