మహారాజశ్రీ 4.10 క్రౌన్ పీనియన్ గారికి

ఇంజను తిప్పుడుని వెనక చక్రాలకి అందించే పళ్లజత, అంటే పెద్ద పళ్లచక్రం (క్రౌన్), చిన్నది (పీనియన్) కలిసిన మహారాజశ్రీ క్రౌన్ పీనియన్ గారి దివ్యసముఖానికి, వెనక టైర్ల తరఫున నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

పాత జత 3.73 గారిని సాగనంపి తమరు వెనక యాక్సిల్ హౌసింగులో కొలువుతీరిన రోజున ఇచ్చిన మాట నిన్న చీటీ మీద తేలిపోయిందండి. బండిని ట్రైలరెక్కించి చెన్నై దాకా మోసుకెళ్లి, మధ్యాహ్నమంతా ఎండలో లైను కట్టి, 402 మీటర్ల డ్రాగ్ రేసులో ప్రాణం పెట్టి తొక్కితే టైమింగ్ చీటీలో పాత అంకే వచ్చింది. చివరి లైట్ల దగ్గర స్పీడైతే రెండు కిలోమీటర్లు తగ్గింది కూడా. "పుల్లింగ్ పది శాతం పెరుగుద్దండి, ఆయ్" అంటూ రావులపాలెం నుంచి భీమవరం దాకా షెడ్డు షెడ్డులోనూ తమకి పూచీ పడ్డవాళ్లు ఒక్కరూ ఆ చీటీ చూడ్డానికి రాలేదు.

పది శాతం అబద్ధమనడం లేదు. క్రౌన్‌కి 41 పళ్లు, పీనియన్‌కి 11 ఉంటే, 41ని 11తో భాగిస్తే 3.73. పీనియన్‌కి ఒక్క పన్ను తగ్గితే 4.10. చక్రం దగ్గర టార్కు, అంటే తిప్పే బలం, దాదాపు పదోవంతు పెరిగిన మాట నిజమే. మరి ఆ పదోవంతు చీటీ దాకా ఎందుకు రాలేదో తమరు సెలవివ్వాలి. ఇవ్వరు గనక మేమే చెప్పుకుంటాం.

చుట్టుకొలత 2 మీటర్ల టైరు, 5000 ఆర్పీఎం దాకా తిరిగే ఇంజను, ఫస్టు 4.0, సెకండు 2.3, థర్డు 1.4, ఫోర్తు 1 ఉన్న గేర్‌బాక్సు అనుకోండి. 3.73తో ఫస్టు 40 కిలోమీటర్ల దాకా లాగేది, సెకండు 70, థర్డు 115. తమరొచ్చాక ఫస్టు 37 లోపే ఆఖరు, సెకండు 64లోపు, థర్డు 104 దాటీ దాటకముందే. ఇప్పుడు స్పీడు 38 దగ్గర చూడండి. పాత బండి ఇంకా ఫస్టులోనే ఉంది, గేర్‌బాక్సూ యాక్సిలూ కలిపి 14.92 రెట్లు లాగుతోంది. తమరి బండి అప్పటికే సెకండులో పడి 9.43తో సరిపెట్టుకుంటోంది. పది శాతం ఇచ్చిన చేత్తోనే ముప్పై ఏడు శాతం లాక్కున్నారు! 64కీ 70కీ మధ్య ఇదే కథ, అక్కడ ముప్పై మూడు. లైను దగ్గరికి 110తో వచ్చే బండికి చివరి పోటు ఇంకా ఘోరం. పాత బండి థర్డులోనే దాటేసేది. ఇప్పుడు 104 దగ్గర క్లచ్చు నొక్కి, అర సెకను ఇంజను ఊరికే తిప్పి, ఫోర్తులో 3500 చిల్లరకి పడిపోయి, ఈడ్చుకుంటూ లైను దాటాలి. చివర పోయిన ఆ రెండు కిలోమీటర్లూ ఇవే.

పవరు పుట్టేది ఇంజనులో. నువ్వు చేసేది ఆ పవరుని ఏ స్పీడులో ఎంత వడ్డించాలో పంచిపెట్టడం, అంతే. తమరు అనే మర్యాద ఇంక నా వల్ల కాదు.

నికరంగా మిగిలేది మొదటి 60 అడుగులు. అక్కడ నీ పదోవంతు పనికొస్తుంది, టైరు పట్టు ఉంటేనే. మామూలు రోడ్డు టైరుతో, లాక్ లేని డిఫరెన్షియల్‌తో క్లచ్చు వదిలితే ఒక్క చక్రం గిర్రున తిరిగి పొగ లేస్తుంది, బండి అక్కడే ఉంటుంది. ముందే జారుతున్న చక్రానికి ఇంకో పదోవంతు టార్కు ఇచ్చావు. ఎంత ఉపకారం! గట్టి టైర్లు, రెండు చక్రాలకీ బలం పంచే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ పెట్టి, లైను దాటేసరికి ఇంజను పవర్ పీక్ దగ్గర ఉండేలా చూసుకుంటే సెకనులో ఒకటో రెండో పదోవంతులు రావచ్చు. అమెరికాలో నీకు పేరొచ్చిందీ అందుకే. అక్కడి పాత వీ-ఎయిట్ కార్లకి కంపెనీవాళ్లే పెట్రోలు పొదుపు కోసం 2.73లూ 3.08లూ బిగించి పంపేవారు, వాటికి నువ్వు నిజంగానే వరం. 3.73 ఉన్న డీజిల్ బండి దగ్గర నీకేం పని? టర్బో లేచేలోపే గేరు అయిపోతోంది.

ఇంతా అయ్యాక స్పీడోమీటరు ఒకటి. కేబులు గేర్‌బాక్సు వెనక నుంచే వస్తుంది కాబట్టి నువ్వొచ్చిన సంగతి దానికి తెలీదు. ముల్లు 100 మీద ఉంటే బండి నిజంగా వెళ్లేది 91. విలస చేపని పులసంటూ అంటగట్టడమే ఇది. "పికప్ అదిరింది" అని ఏటిగట్టు మీద సంబరపడేవాళ్లు చూసేది ఆ ముల్లునే.

బిగింపు గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. క్రౌన్ ఒక బండిది, పీనియన్ ఇంకోదానిది, పాతసామాను కొట్లో కలిపిన జత. జతగా అరగదీసి నంబరు కొట్టిన సెట్టు కాకపోతే ఊళ ఖాయం. బ్యాక్‌లాష్ (పళ్ల మధ్య ఉండే వదులు) 0.15 నుంచి 0.25 మిల్లీమీటర్ల మధ్య డయల్ గేజీతో చూడాలి, చేత్తో ఊపి "చాల్లే" అనకూడదు. మార్కింగ్ పేస్టు రాసి తిప్పితే పంటి మధ్యలో మచ్చ పడాలి. పంటి మొదట్లో పడితే పీనియన్ లోపలికెక్కువ వెళ్లినట్టు, షిమ్ము (సర్దుబాటు రేకు) తగ్గించాలి. కొసన పడితే పెంచాలి. పీనియన్ బేరింగుల మధ్య బిగిస్తే నలిగే క్రష్ స్లీవుని ఎయిర్ గన్నుతో బిగించి, ఎక్కువై, నట్టు వెనక్కి తిప్పేస్తే సరిపోదురా నాయనా, కొత్త స్లీవు వెయ్యాల్సిందే. మొదటి 30 కిలోమీటర్లు నెమ్మదిగా నడిపి పూర్తిగా చల్లారనివ్వాలి, 800 అయ్యాక ఆయిలు మార్చాలి. ఇవేవీ లేకుండా నేరుగా రేసు స్ట్రిప్ మీద క్లచ్చుని ఒక్కసారిగా వదిలెయ్యడం (డంపు).

హైవే మీద 80కి ఇంకో 250 ఆర్పీఎం తాగుతున్నావు, అది వేరే పద్దు.

అయినా నిన్ను పూర్తిగా తిట్టలేం. 29 అంగుళాల టైరు తీసి 31 వేసుకుని, మారేడుమిల్లి ఘాట్లో సెకండు గేరు ఈడ్వలేక మూలిగే జీపుకి నువ్వు దేవుడివి. పెద్ద టైరు మింగేసిన లాగుడు తిరిగిచ్చి పైన కాస్త కలుపుతావు. అక్కడికి వెళ్లు, మహారాజులా ఉండు. కానీ ఫోర్‌వీల్ డ్రైవ్ బండికి వెళ్లేటప్పుడు ముందు హౌసింగులోకి కూడా నీ జోడీని వెంటపెట్టుకెళ్లు. వెనకది 4.10, ముందుది 3.73 ఉంచి తారు రోడ్డు మీద ఫోర్‌వీల్ లివరు లాగితే, ముందూ వెనకా పవరు పంచే ట్రాన్స్‌ఫర్ కేసు పళ్లు రాలతాయి, ఆ బిల్లు కూడా మాకే పంపుతావు.

ఇట్లు,
తమ ఊళ చెన్నై నుంచి రావులపాలెం దాకా విన్న వెనక టైర్లు