రోజర్ అన్నకు, నల్లగొండ నుంచి

రోజర్ అన్నా,

మనిద్దరిదీ పాత పరిచయమే. జబల్‌పూర్‌లో ఆర్మీ సిగ్నల్స్, అంటే వైర్‌లెస్, ట్రైనింగ్‌కు పోయి చెవులకు హెడ్‌సెట్ తగిలించుకున్న రోజు నుంచి, పదిహేడేళ్ల సర్వీసులో ఇంట్లోవాళ్ల పేర్ల కంటే నీ పేరే ఎక్కువసార్లు పలికాను. పెన్షన్ మీద నల్లగొండ వచ్చేశాక నీతో పనుండదనుకున్నా. మొన్న మేనకోడలి పెళ్లి దావత్‌లో మళ్లీ నువ్వే ఎదురయ్యావు.

క్యాటరింగ్ పిల్లలందరి నడుములకూ వాకీటాకీలు. మూడో బంతిలో మగపెళ్లివారు కూర్చున్నారు. బగార అన్నం పడింది, మటన్ రాలేదు. హాల్లో ఉన్న పిల్లాడు బటన్ నొక్కి "మూడో బంతికి మటన్ పంపు, ఓవర్" అన్నాడు. వంటల దగ్గర నుంచి "రోజర్!" అని జవాబు. ఎంత ఠీవిగా అన్నాడంటే, వింటున్న నాకు ఛాతీ పొంగింది. ఐదు నిమిషాలైంది. మళ్లీ అడిగితే "రోజర్, రోజర్." వియ్యంకుడు ఉత్త అన్నం వేళ్లతో కెలుకుతూ గోడ మీది ఫ్లెక్సీలో పేర్లన్నీ చదివేశాడు.

వెనక్కి పోయి చూద్దును కదా, ఆ పిల్లాడు ఉల్లిగడ్డ బస్తా మీద కూర్చున్నాడు. పక్కనే మూత పెట్టిన గంజు, నిండా మటన్. "పంపలేదేం బిడ్డా?" అంటే, "వినపడింది కదా సార్, రోజర్ అన్నా కదా" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. రూల్ ప్రకారం వాడి తప్పేం లేదు మరి. నువ్వంటే, చెప్పింది మొత్తం అందింది అని. అంతే. చేస్తాననడానికి నీ తమ్ముడు విల్కో ఉన్నాడు. 'విల్ కంప్లై'కి పొట్టి పేరు. విన్నాననడం కూడా అతనిలోనే కలిసి ఉంది కాబట్టి, "రోజర్ విల్కో" అని జంటగా పిలిస్తే మా ఉస్తాద్ గ్రౌండ్ చుట్టూ పరిగెత్తించేవాడు. "ఓవర్ అండ్ ఔట్" అన్నవాడికి రెండు చుట్లు. ఓవర్ అంటే నీ జవాబు కోసం ఆగాను అని, ఔట్ అంటే ఇక జవాబు అక్కర్లేదు అని. చుట్టాన్ని గుమ్మంలో నిలబెట్టి "రా, పో" అన్నట్టు.

దావత్ అక్కడితో అయిపోలేదు. ఏదో మాట అర్థంకాక ఒకడు "రిపీట్, రిపీట్" అని అరిచాడు. వినపడకపోతే 'సే అగైన్' అనాలి. ఫిరంగుల వాళ్ల దగ్గర రిపీట్ అంటే, ఇందాక కొట్టినచోటే మళ్లీ కొట్టు అని. వంటవాళ్లకు ఈ సంగతి ఎవరు చెప్పారో గానీ, మటన్ అందని బంతికి డబుల్ కా మీఠా రెండుసార్లు వచ్చింది.

నీ వంశం నాకు తెలుసు. టెలిగ్రాఫ్ మోర్స్ కోడ్ కాలంలో 'ఆర్' అక్షరం కొడితే అందింది అని అర్థం. రెండో ప్రపంచ యుద్ధం నాటి రేడియో అక్షరమాలలో ఆ ఆర్‌కు పెట్టిన పేరే నువ్వు. 1956లో కొత్త అక్షరమాల వచ్చి నీ కుర్చీలో రోమియోను కూర్చోబెట్టింది. ఏ, బీలకు పేర్లుగా ఉన్న ఏబుల్, బేకర్ బుద్ధిగా ఇంటికి పోయారు. నువ్వు మాత్రం కదల్లేదు. పదవి పోయినా కారు మీద 'మాజీ' బోర్డు తీయని పెద్దమనుషులు మా జిల్లాలోనూ ఉన్నారు కాబట్టి నేనేం ఆశ్చర్యపోలేదు.

అసలు నువ్వు మా వైపువాడివేనని నా అనుమానం. "అయితది అన్నా", "నేను చూసుకుంటా తీ", ఇవన్నీ నీ మారుపేర్లే కదా? పాసుబుక్కులో పేరు తప్పు పడిందని ఒక ఆఫీసు చుట్టూ ఎనిమిది నెలలు తిరిగాను. పోయినప్పుడల్లా అక్కడి సారు కాగితం అందుకుని, తల ఊపి, "చూస్తం" అన్నాడు. పాపం, అబద్ధమాడలేదు. చూశాడు.

ఈ మాటల తేడా నవ్వులాట కాని చోట్లూ ఉన్నాయి. 1977 మార్చి 27న స్పెయిన్ దీవి టెనెరిఫ్ విమానాశ్రయంలో, పొగమంచులో, టేకాఫ్‌లో ఉన్నామని ఒక పైలట్ అంటే టవర్ "ఓకే" అంది. ఆ వెంటనే ఆగమని చెప్పిన మాట, అదే క్షణంలో రెండో విమానం నుంచి వచ్చిన మాటతో కలిసి కీచుమని పోయింది. రెండు విమానాలూ రన్‌వే మీద ఢీకొని 583 మంది చనిపోయారు. రన్‌వే మీదికి పోవాలన్నా, టేకాఫ్ అన్నా, ఇప్పుడు పైలట్ నిన్ను తలుచుకుంటే సరిపోదు. టవర్ చెప్పింది తిరిగి అప్పజెప్పాలి.

మా అమ్మ పద్ధతీ అదే. దుకాణానికి పంపేటప్పుడు "ఏం తెమ్మన్నా, చెప్పు" అనేది. "పావుకిలో చింతపండు, అద్దపావు ఎల్లిగడ్డ, అగ్గిపెట్టె" అని అప్పజెప్తేగానీ పైసలు చేతిలో పెట్టేది కాదు. ఉత్త "ఆఁ" అంటే వీపు మీద ఒకటి పడేది.

ఉండు అన్నా, మా ఊళ్లోనే ఉండు, వద్దనను. విల్కోను కూడా ఒకసారి తీసుకొచ్చి ఆ ఆఫీసులో సారుకు పరిచయం చెయ్యి, చాలు.

ఇది రాస్తుంటే మా ఆవిడ కింది నుంచి బోరు మోటార్ బంద్ చేయమని కేకేసింది. "రోజర్" అన్నాను. ట్యాంకు పొర్లి, మెట్ల మీద నుంచి దిగిన నీళ్లు ఇప్పుడు నా చెప్పులను గేటు దాకా తీసుకుపోయాయి.