ఫ్రీజ్ నిలిస్తేనే తేదీ నిలుస్తుంది

విశాఖలో గోదావరి ఎక్స్‌ప్రెస్ తప్పినా కొంప మునగదు, తర్వాత గరీబ్‌రథ్ ఉంది. తర్వాతి బండి రేపో ఎల్లుండో అంటేనే తలుపు దగ్గర తొక్కిసలాట. ఓపెన్‌సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉంచే సాఫ్ట్‌వేర్) రిలీజులూ అంతే. లినక్స్ కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) 2.4 వచ్చింది 2001 జనవరిలో, 2.6 వచ్చింది 2003 డిసెంబరులో. అన్నాళ్లు ఆగలేక డిస్ట్రిబ్యూషన్లు (కెర్నెల్‌కు మిగతా సాఫ్ట్‌వేర్ కలిపి ఇచ్చేవాళ్లు) కొత్త కోడ్‌ను ఎవరికి వారు పాత కెర్నెల్‌కు అతికించుకున్నాయి. ఇప్పుడు కొత్త కోడ్ చేర్చుకోవడానికి రెండు వారాల మెర్జ్ విండో, ఆపై వారానికో ఆర్‌సీ (విడుదలకు ముందు పరీక్షించే ప్రతి), మొత్తం 9–10 వారాలు. ఈసారి అందకపోతే రెండు నెలలు ఆగితే చాలు.

వేల ప్యాకేజీలు (విడివిడి సాఫ్ట్‌వేర్లు) ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్‌కు ఇంత చిన్న చక్రం కుదరదు. అడుగున ఒక లైబ్రరీ (పలు ప్రోగ్రాములు పంచుకునే కోడ్) మారితే దానిమీద ఆధారపడ్డవన్నీ మళ్లీ బిల్డ్ చేయాలి. అందుకే లినక్స్ డిస్ట్రిబ్యూషన్ డెబియన్ 13లో కంపైలర్ల (కోడ్‌ను ప్రోగ్రామ్‌గా మార్చేవి), లైబ్రరీల మార్పులను అందరికంటే ముందు, 2025 మార్చి 15నే ఆపేశారు. ఇలా మార్పులు ఆపడమే ఫ్రీజ్, అంచెలంచెలుగా బిగుస్తుంది: ఏప్రిల్ 15కు సాఫ్ట్ ఫ్రీజ్, మే 15కు హార్డ్, జులై 27కు పూర్తి ఫ్రీజ్, ఆగస్టు 9న విడుదల. పునాది ఆరకుండా సున్నం కొట్టరు కదా!

ప్రణాళికలో ఖాళీ వారాలు దండగ అనుకునేవాళ్లు మరో డిస్ట్రిబ్యూషన్ ఉబుంటు 24.04ను (2024 ఏప్రిల్ విడుదల) చూడాలి. ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ సాఫ్ట్‌వేర్‌లో ఎవరో పెట్టిన దొంగదారి 2024 మార్చి 29న బయటపడింది. అనుమానమున్న బిల్డులన్నీ పక్కనపెట్టి మళ్లీ కట్టాల్సొచ్చి బీటా (ప్రయోగ విడుదల) ఏప్రిల్ 4 నుంచి 11కు వాయిదా పడింది. అయినా అసలు విడుదల 25నే జరిగింది. బీటాకూ విడుదలకూ మధ్య మూడు వారాలు ఉంచుకున్నారు కాబట్టే ఒక వారం పోయినా తట్టుకున్నారు.

ఇక మన లెక్క. మధురవాడ వైపు ఏదో కాలేజీలో 60 సిస్టమ్‌ల ల్యాబ్ ఉందనుకుందాం. కొత్తదనే మోజుతో ఉబుంటు 25.10 వేస్తే సపోర్టు తొమ్మిది నెలలే, 2026 జులైలో సరిగ్గా క్లాసుల వేళకు అయిపోతుంది. 22.04, 24.04 లాంటివి ఎల్‌టీఎస్‌లు, అంటే ఏళ్లపాటు సపోర్టు ఉండేవి. ఎల్‌టీఎస్ నుంచి ఎల్‌టీఎస్‌కు అప్‌గ్రేడ్ మామూలుగా ‘.1’ (మొదటి సవరణ విడుదల) వచ్చాకే కనిపిస్తుంది, అది ఆగస్టు మాట. 24.04.1 అయితే రెండు వారాలు జారి 2024 ఆగస్టు 29న వచ్చింది. 22.04 మీదున్న ల్యాబ్‌కు మామూలు సపోర్టు 2027 ఏప్రిల్ దాకా ఉంది. 24.04కు ‘.1’ ఎప్పుడో వచ్చేసింది. కాబట్టి ముందు ఒక్క సిస్టమ్ 24.04కు మార్చి ప్రింటర్, కంపైలర్, పరీక్ష సాఫ్ట్‌వేర్ చూసుకుని, మిగతా 59 సంక్రాంతి సెలవుల్లో మార్చడం మేలు. సర్వర్‌లో ఆప్ట్-క్యాచర్-ఎన్‌జీ (దించిన ప్యాకేజీలను దాచి అందరికీ పంచే సాఫ్ట్‌వేర్) పెడితే ఒక్కో ప్యాకేజీ బయటినుంచి ఒక్కసారే దిగుతుంది. మొదలుపెట్టే ముందు కెర్నెళ్లుండే /బూట్‌ ఫోల్డర్‌లో పాతవి తీసేయాలి, అది నిండితే అప్‌గ్రేడ్ అక్కడే ఆగుతుంది. బయటి రిపోజిటరీలను (ఉబుంటువి కాని ప్యాకేజీల నిల్వలు) అప్‌గ్రేడే ఆపేస్తుంది, తర్వాత చేత్తో తెరుచుకోవాలి.